చెక్క నేల మీద ఇటుక గోడ

వన్ టౌన్‌లో మేముండే పాత మేడకి పై అంతస్తు నేల చెక్కది. దూలాల మీద పలకలు పరిచారంతే. పైన ఉన్నది ఒకటే పెద్ద గది. ఇంటర్‌లో చేరాక మా అమ్మాయి తనకో గది విడిగా కావాలంది. మధ్యలో ఇటుక గోడ లేపితే సరిపోతుందని ఆ సాయంత్రమే గ్రాఫ్ కాగితం మీద ప్లాన్ గీసేశాను. గోడకి రంగు కూడా ఎంచేశాను.

మా బావమరిది వడ్రంగి. కంచరపాలెం నుంచి వచ్చి, కింద స్టూలెక్కి, ఒక్కో దూలాన్నీ స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూశాడు. ఈ నేల గోడ మొయ్యదన్నాడు. ఇరవై రెండేళ్లుగా ఉక్కు తయారయ్యే చోట పనిచేస్తున్నాను, బరువుల సంగతి నాకు చెప్పకన్నాను. ఆ ఇరవై రెండేళ్లూ నేను మోసింది హాజరు రిజిస్టర్లేనని వాడికి తెలుసు. అయినా వాదించలేదు.

"గోడెక్కడొస్తాదో అక్కడ నిలబడి ఓపాలి ఎగురు బావా," అని కిందికెళ్లాడు.

ధీమాగా ఎగిరాను. నేల ఊగింది, బీరువా తలుపు దానంతటదే తెరుచుకుంది. కింద మా ఆవిడ చేపల పులుసు మూత తీసి కలుపుతోందట. పలకల సందుల్లోని దుమ్మంతా అందులో పడింది. గరిటె పట్టుకునే పైకొచ్చి, తమ్ముణ్ణేమీ అనకుండా నన్నే చూసింది.

వెనకాలే వచ్చిన వాడు నెమ్మదిగా అన్నాడు: "నువ్వొక్కసారి ఎగిరితేనే ఇలాగైంది. గోడైతే దిగదు కదా బావా, పొద్దస్తమానం ఇక్కడే ఉంటాది."

ఆ పూట పప్పుచారుతో సరిపెట్టుకున్నాం.

మర్నాటి నుంచి వాడు పని మొదలెట్టాడు. ప్రతి పాత దూలానికీ పక్కన కొత్త దూలం జతచేసి బోల్టులు వేశాడు. గోడ వచ్చే వరస కింద ఇనప గడ్డరు పెట్టి, దాని కొసలు రెండు పక్కలా రాతిగోడల్లోకి దించాడు. ఇటుకలు వద్దని, చెక్క ఫ్రేముకి ప్లైవుడ్ కొట్టి తేలిక గోడ నిలబెట్టాడు. నా మొహం చూసి జాలేసిందేమో, బోల్టులు బిగించే పని నాకిచ్చాడు. మూడో రోజు టీ తాగి కాస్త ముందే వచ్చేసరికి, నేను బిగించినవన్నీ మళ్లీ బిగిస్తున్నాడు. చూడనట్టు వెనక్కి తిరిగి ఇంకో టీ తాగొచ్చాను.

అమ్మాయి గదిలో చేరిన రోజు, ప్లైవుడ్ అవతల నుంచి దాని మాటలు వినిపించాయి. ఫోన్లో స్నేహితురాలికి చెబుతోంది: "మా నాన్నే కట్టారే, మొత్తం."

నిజం చెబుదామనే లేచాను. కానీ ఆడపిల్ల ఫోన్లో ఉన్నప్పుడు తలుపు కొట్టడం మర్యాద కాదు కదా.