సీతమ్మ ఊరి బియ్యం

మా ఇంటామె పోయి నేటికి ఇరవై రెండు రోజులు. పాల్వంచ దవాఖానాలో, మధ్యాహ్నం పూట, మంచినీళ్ళు అడిగి తాగి పోయింది. గుండె బలహీనంగా ఉందని మూడేళ్ళుగా మాకు తెలుసు.

సాగనంపే ముందు కాలనీ పెద్దామె ఒకరు నన్ను అడిగారు. "పుట్టింటి చీర ఎవలు తెస్తరు సారూ?" ముత్తైదువగా పోయిన మనిషికి పుట్టింటివాళ్ళు చీర కప్పి, ఒడిలో బియ్యం పోయాలి. ఎవరూ లేరని చెప్పాను. పక్కింటివాళ్ళే ఆ పని చేశారు. నేను చెప్పిన జవాబు తప్పని ఇంటికి వచ్చాక తోచింది. అందుకే ఇది రాస్తున్నాను.

ఆమెది ఏన్కూరు దగ్గర పల్లె. ఒక్కతే కూతురు. తల్లి ఉన్నంతకాలం మూడేళ్ళకోసారి పిలిచి, కొత్త చీర పెట్టి, పసుపు కలిపిన బియ్యం ఒడిలో పోసి పంపేది. తల్లి పోయాక అది ఆగిపోయింది. కాలనీలో ఎవరైనా ఒడిబియ్యం వండి పిలిస్తే వెళ్ళి తినివచ్చేది. ఆ సాయంత్రం మాత్రం తల్లి పెట్టిన పాత చీరలు తీసి మళ్ళీ మడత పెట్టేది.

"ఇంట్లో బస్తా బియ్యం ఉంది కదా, ఎందుకీ బెంగ?" అన్నాను ఒకసారి. నేను థర్మల్ కేంద్రంలో కెమిస్టుని.

"అది మీ ల్యాబుల తేలేది కాదు లే," అంది.

నేను షిఫ్టుకు వెళ్ళేటప్పుడు బస్సు మలుపు తిరిగేదాకా గేటు దగ్గరే నిలబడేది. ఎందుకని అడిగితే, "ముందే లోపటికొస్తే మీరింక ఇంట్లనే ఉన్నరనుకొని ఇంకో చాయ్ పెడ్త" అనేది. మనసులో ఉన్నది నేరుగా చెప్పే అలవాటు ఆమెకు లేదు. వినే అలవాటు నాకు లేదు.

నేను రిటైరైన ఏడాది ఎక్కడికైనా వెళదామన్నాను. కాశీ అంటుందనుకున్నాను. జనక్‌పూర్ అంది.

"అది నేపాల్‌లో ఉంది."

"ఉంటే ఏంది? ఏటేటా భద్రాచలంల కల్యాణం చూస్తనే ఉన్నం. పిల్ల తరపోళ్ళ ఊరు ఒక్కసారన్న చూడొద్దా?"

భక్తి అనుకున్నాను. కాజీపేటలో పట్నా బండి ఎక్కాం. ఆమె కిటికీ వదల్లేదు. టేకు అడవి, నల్లరేగళ్ళు, బొగ్గు బండ్లు, పొగమంచు. పట్నాలో బండి మారాక, గంగ మీద నెమ్మదించినప్పుడు దండం పెట్టుకుని, "మన గోదారే నయం, అవతలి ఒడ్డు కనవడ్తది" అంది.

బీహార్ చివర జయనగర్‌లో చిన్న బండి ఎక్కాలి. సన్న పట్టాలు, చెక్క బల్లలు. లోపలున్నంత మంది పైకప్పు మీదా ఉన్నారు. మనిషి పరుగెత్తితే అందుకునేంత వేగం. రెండు పక్కలా పూసిన ఆవతోటలు, తామర చెరువులు. కొత్తగా కొన్న సెల్‌ఫోన్‌లో సిగ్నల్ పోయింది. సరిహద్దు దాటామన్నాను.

"ఏడ?"

చేలో ఉన్న తెల్లటి రాతి దిమ్మ చూపించాను. దాని మీద ఒక మేక ముందుకాళ్ళు పెట్టి నిలబడి ఉంది.

"గింతేనా!" అని నవ్వింది.

మూడు రోజులు ఉన్నాం. గుడి చూశాం. తిరుగు ప్రయాణంలో, చిన్న బండి ఇంకా కదలకముందు, మా ఎదురు బల్ల మీద ఒక పెద్దావిడ, ఇరవై ఏళ్ళ కూతురు. పిల్లకు జయనగర్ అవతల అత్తవారిల్లు; తల్లి బండి ఎక్కించడానికి వచ్చింది. పిల్ల కొంగులో ముడి చూసి మా ఇంటామె చెయ్యి వేసింది. బియ్యం, పసుపు కొమ్ము, గరిక.

"ఒడిబియ్యం!" అంది నాతో. "ఈళ్ళకు గూడ ఉన్నదయ్యా!"

ఇద్దరి మధ్యా నా వచ్చీరాని హిందీయే తోవ. ఏ ఊరని పెద్దావిడ అడిగింది. భద్రాచలం వైపు, రాముడి గుడి ఉన్న చోటు అన్నాను. ఆవిడ కళ్ళు ఎగరేసింది.

"అంటే మగపెళ్ళివారు! మా పిల్లను అడవుల పాలు చేసింది మీరేనా?"

నేను తెలుగులో చెప్పగానే మా ఇంటామె అందుకుంది. "అడవికి పంపిన ఆ అత్తనే అడుగుమను. ఆ అడవిల సీతమ్మను చూసుకున్నోళ్ళం మేము. మా పర్ణశాల వచ్చి చూసి మాట్లాడుమను."

నేను దాన్ని హిందీ చేసేసరికి పెట్టెలో నవ్వులు. పెద్దావిడ కళ్ళు తుడుచుకుని, "నీ పుట్టిల్లెక్కడ?" అని అడిగింది. ఆ మాట నేను తెలుగు చేయనక్కర్లేకపోయింది. మా ఇంటామె రెండు చేతులూ ఖాళీగా తిప్పి చూపించింది.

ఆవిడ కాళ్ళ దగ్గరున్న సంచి విప్పి దోసిలితో బియ్యం తీసింది. మా ఇంటామె కొంగు పట్టింది. ఐదు దోసిళ్ళు. కూతురు పసుపు కొమ్ము వేసింది. మా ఇంటామె ఒక పిడికెడు తీసి తిరిగి ఆ సంచిలో పోసింది. మన దగ్గర ఆచారం అది, పుట్టిల్లు ఖాళీ కాకూడదని. ఆవిడ తలూపింది, వాళ్ళ దగ్గరా అంతేనన్నట్టు. బండి కూత వేయగానే ఆవిడ దిగిపోయింది.

జయనగర్‌లో తనిఖీ. సామాన్లు చూసే అతను కొంగు ముడి వైపు చెయ్యి చూపించి ఏమిటన్నాడు. ముప్పై ఏళ్ళు రూలు పుస్తకంతో బతికిన వాణ్ణి. దేశం దాటి ధాన్యం తేవచ్చో లేదో నాకు తెలియదు. "బియ్యమే, పారబోయిస్తాను" అని అతనితో చెప్పి, "పారబోయ్, గొడవెందుకు" అన్నాను ఆమెతో.

ఆమె పారబోయలేదు. ముడి రెండు చేతులతో పట్టుకుని నన్ను చూసింది. కోపం కాదు. ఆ చూపును నేను ఇప్పటికీ ఏమనాలో తెలియక ఉన్నాను.

పక్కనున్న పిల్ల తన కొంగు చూపించి అతనితో ఏదో చెప్పింది. అతను నా వైపు తిరిగాడు. "పుట్టింటి బియ్యం పారబోయించే మొగుణ్ణి ఇక్కడ నేను మొదటిసారి చూస్తున్నాను. మా ఆవిడదీ అవతలి ఊరే. నేనిది పారబోయించానని వింటే నాకు ఇవాళ ఇంట్లో అన్నం పుట్టదు. వెళ్ళండి."

నేను తప్పయిందని చెప్పలేదు. ఆమె అడగలేదు. చెప్పడానికి చాలా రోజులు ఉన్నాయనుకున్నాను.

తిరుగు బండిలో ముడి సంచిలో పెట్టుకోమంటే, "ఇల్లు చేరేదాంక ఒడిలనే ఉండాలె" అంది. రెండో రోజు ఉదయం సిర్పూరు దాటాక, తెలుగు వినిపించే డబ్బాలో, పక్కన కూర్చున్న ఒకామె పలకరించింది.

"ఏడికెళ్ళి వస్తున్నరక్కా?"

జనక్‌పూర్ అని నేను నోరు తెరిచేలోపే మా ఇంటామె చెప్పింది.

"మా అమ్మగారింటికెళ్ళి."

చెప్పి కిటికీ వైపు తిరిగింది. టేకు ఆకుల సందుల్లోంచి ఎండ ఆమె ముఖం మీద పడుతూ, పోతూ ఉంది. కళ్ళు చికిలించిందే కానీ ముఖం తిప్పుకోలేదు.