సన్మాన పత్రం రాసింది నేనే

పోయిన నెలలో ఒక మంగళవారం పొద్దున నేపర్‌విల్‌లో రైలెక్కి, కిటికీ పక్కన సీటు దొరికిందన్న చిన్న సంతోషంతో పుస్తకం తెరిచానో లేదో, ఆంటీ దగ్గర నుంచి మెసేజ్ వచ్చింది. నేను మిషిగన్‌లో చదువుకున్న రోజుల్లో అక్కడి తెలుగు సంఘానికి సాంస్కృతిక కార్యదర్శిగా ఉన్న ఆంటీ ఇప్పటికీ ఆ పనే చూస్తున్నారు. ఈ ఏడాది ఉత్సవాలకు, ఎనిమిదేళ్ళ కిందట వచ్చిన సినీ గాయకుడే మళ్ళీ వస్తున్నారనీ, అప్పుడు ఆయనకు నేను రాసిన సన్మాన పత్రం అందరికీ ఎంతో నచ్చింది కాబట్టి సాఫ్ట్ కాపీ ఉంటే పంపమనీ, తేదీ మార్చుకుని వాడుకుంటామనీ రాసి, చివర రెండు దండాలు పెట్టారు. ఆ గాయకుడు తమపై లైంగిక దాడి చేశాడని ఇండియాలో ఇద్దరమ్మాయిలు ఫిర్యాదు చేసి రెండేళ్ళు దాటింది. టీవీలో కొన్నాళ్ళు చర్చలు నడిచాయి, ఆయనకు గుండె నొప్పి వచ్చింది, తగ్గింది, మళ్ళీ పిల్లల పాటల పోటీలో న్యాయనిర్ణేతగా కూర్చున్నారు. ఆంటీకి తెలియని సంగతి కాదు. షికాగోలో రైలు ఆగి అందరూ దిగిపోయాక కూడా నేను పుస్తకంలో అదే పేజీ మీద ఉన్నాను.

నాతోపాటు ఆ ఏళ్ళలో రెండు సూట్‌కేసులతో దిగినవాళ్ళకు గుర్తుండే ఉంటుంది, కారు లేని విద్యార్థికి శనివారం అంటే ఎవరో ఒక అంకుల్ దయతలచి ఇచ్చే రైడ్. ట్రాయ్ దగ్గర మా అపార్ట్‌మెంట్‌లో నేనూ, నాకంటే ఒక సెమిస్టర్ ముందొచ్చిన వరంగల్ అమ్మాయీ ఉండేవాళ్ళం. రక్తసంబంధం లేకపోయినా ఆమెను నేను అక్కా అనే పిలిచేదాన్ని. ఆంటీ మమ్మల్నిద్దరినీ వారం వారం తన వ్యాన్‌లో ఎక్కించుకుని రిహార్సల్స్‌కి తీసుకెళ్ళి, తిరిగొచ్చేటప్పుడు పులిహోర డబ్బా చేతిలో పెట్టి దింపేవారు. మొదటి చలికాలంలో నేను వేసుకున్న కోటు కూడా ఆంటీ వాళ్ళమ్మాయిదే. అక్క అందరితో గలగలా మాట్లాడేది. నేను మూలన కూర్చుని ఆవగింజంత అక్షరాలతో డైరీ రాసుకునేదాన్ని. అలా రాసుకోవడం ఆంటీ కంటపడే, ఆ ఏడాది సన్మాన పత్రం పని నాకు అప్పగించారు.

సన్మాన పత్రం ఎలా ఉంటుందో మీకు తెలుసు. చుట్టూ బంగారు రంగు తీగల అంచు, ప్రతి పేరా మొదట్లో ఒక సంబోధన, సుస్వర సుధామూర్తీ అనో, సహృదయ శిరోమణీ అనో. మా అమ్మ వంట చేస్తూ ఆ గాయకుడి పాటలే పాడుకునేది, నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఆ గొంతు మా వంటింట్లోదే. అందుకని మూడు రోజులు క్లాసులు కూడా సరిగా వినకుండా, లైబ్రరీలో కూర్చుని మాటలు ఏరాను. స్త్రీమూర్తికి పాటతో పాదాభివందనం చేసినవాడా అన్న సంబోధన తట్టినప్పుడు, నాకు నేనే ముచ్చటపడి దాన్ని డైరీలో కూడా ఎత్తి రాసుకున్నాను.

కార్యక్రమం ఒక హైస్కూల్ ఆడిటోరియంలో. చదువుకునే అమ్మాయిలకు పట్టుచీరలు కట్టించి అతిథుల దగ్గర హాస్పిటాలిటీ డ్యూటీ వేయడం అక్కడి అలవాటు, అది మర్యాద అనుకునేవాళ్ళు, మేమూ గౌరవమే అనుకునేవాళ్ళం. పాడే ముందు ఆయన మిరియాల కషాయం తాగుతారని, ఫ్లాస్కులో పోసి ఆయన గదికి తీసుకెళ్ళే పని అక్కకు పడింది. ఆ పని నాకు రాలేదని కొంచెం ఉడుక్కున్నాను కూడా.

మధ్యాహ్నం మూడు దాటాక, ఫ్రేమ్ కట్టించిన సన్మాన పత్రాన్ని రెండు చేతులతో పట్టుకుని నేను వేదిక వైపు వెళ్తుంటే, లాకర్ల వరుస దగ్గర అక్క కనిపించింది. గోడకు ఆనుకుని ఉంది. పైట పిన్ను ఊడిపోయింది, చేత్తో పట్టుకుంది. మణికట్టు ఎర్రగా కమిలి ఉంది.

"తలుపేసిండు. అరవబోతే నోరు మూసిండు," అంది. "ఎట్లనో బయటపడ్డ. నన్ను ఇంటికి తీస్కపో."

అప్పుడే లోపలి నుంచి ఆంటీ, ఫ్రేమ్ ఎక్కడమ్మా అని పిలిచారు. నేను అక్కతో అయిదు నిమిషాలు అన్నాను. అని, వెళ్ళాను. పత్రాన్ని అందించి, తెర పక్కన నిలబడి, యాంకర్ చదువుతుంటే నా వాక్యాలు విన్నాను. పాదాభివందనం దగ్గర జనం చప్పట్లు కొట్టారు, ఆయన చేతులు జోడించి తల వంచారు. నేను అక్క దగ్గరకు తిరిగి వెళ్ళేసరికి ఇరవై నిమిషాలైంది. మాకు కారు లేదు. ఆంటీ వ్యాన్ బయలుదేరేదాకా, భోజనాల ట్రేలు పేర్చిన వరండాలో ఇద్దరం మూడు గంటలు కూర్చున్నాం, పైన స్పీకర్లలో ఆయన పాడుతూనే ఉన్నారు. ఆ రోజు నా డైరీ రెండు పేజీలుంది. చీరల రంగులున్నాయి, చప్పట్లున్నాయి. అక్క గురించి మాత్రం ఒంట్లో బాగాలేదు అని ఒక్క ముక్క.

వారం తిరక్కుండానే అక్క ఆంటీకి చెప్పింది. ఆదివారం పొద్దున ఇద్దరినీ ఇంటికి పిలిచి, బేస్‌మెంట్‌లో కూర్చోబెట్టి ఉప్మా పెట్టారు. సంఘం అధ్యక్షుడుగా ఉన్న అంకుల్, అంటే ఆంటీ భర్త, కోప్పడలేదు. కోప్పడితే బాగుండేదని తర్వాత చాలాసార్లు అనుకున్నాను. ఆ గాయకుడి స్థాయి మనిషికి అలాంటి అవసరమేముందన్నారు, కళాకారులు ఆప్యాయత ఎక్కువై దగ్గరికి తీసుకుంటారన్నారు, తండ్రి వయసన్నారు, పోలీస్ రిపోర్ట్ అంటే ఎఫ్‌-వన్ స్టూడెంట్ వీసా మీద ఉన్న పిల్లకు రేపు స్టాంపింగ్‌లో ఎన్ని ప్రశ్నలొస్తాయో ఆలోచించమన్నారు. అక్క ఉప్మా ముట్టుకోకుండా వింటూ ఉంది. మధ్యమధ్యలో చల్లారిపోతుంది తినమని మేం ఆమెతో అంటూనే ఉన్నాం. అప్పుడు అంకుల్ నా వైపు చూసి చిన్నగా నవ్వి, అక్కతో అన్నారు.

"స్త్రీమూర్తికి పాదాభివందనం అని రాసింది నీ ఫ్రెండే కదమ్మా. ఊరికే రాస్తుందా అంత మాట?"

ఆంటీ కాఫీ కప్పు కింద పెట్టి, నువ్వేమైనా చూశావా అని నన్ను అడిగారు. అక్క నా వైపు తిరిగింది. ఆమెకు ఆ గదిలో ఉన్నది నేనొక్కదాన్నే. పిన్ను ఊడిన పైట చూశాను, కమిలిన చెయ్యి చూశాను, ఆమె మాట విన్నాను. అది చెబితే చాలు.

"నేను స్టేజి దగ్గర ఉన్నాను ఆంటీ. అక్కడ ఏం జరిగిందో చూడలేదు," అన్నాను.

అందులో ఒక్క మాటా అబద్ధం కాదు, అదే ఇప్పటికీ నన్ను తినేస్తుంది. అక్క నాతో పోట్లాడలేదు. నెలాఖరుకు వేరే రూమ్ చూసుకుంది, డిగ్రీ అయ్యాక శాంటా క్లారాలో ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయింది. నేను ఇంకో ఏడాది ఆ వ్యాన్‌లోనే తిరిగాను, పులిహోర తిన్నాను. ఇండియాలో ఆ ఇద్దరమ్మాయిలూ బయటికొచ్చినప్పుడు, ఇన్నేళ్ళూ ఏం చేస్తున్నారని మా ఆఫీసులో తెలుగువాళ్ళు లంచ్ టేబుల్ దగ్గర నవ్వుకుంటుంటే, నేను డబ్బా మూత పెట్టుకుని లేచి వెళ్ళానే తప్ప నోరు తెరవలేదు.

ఆంటీ మెసేజ్‌కు రెండు రోజులు జవాబివ్వలేకపోయాను. మూడో రోజు అక్కకు ఫోన్ చేశాను. ఎత్తుతుందనుకోలేదు.

"గిన్నేండ్లకు యాదికొచ్చిన్నా?" అంది. కోపంగా కాదు, చూడని చుట్టాన్ని పలకరించినట్టు.

ఆయన మళ్ళీ వస్తున్నాడనీ, ఆ పత్రాన్నే మళ్ళీ అడుగుతున్నారనీ చెప్పాను. జరిగింది సంఘం గ్రూప్‌లో రాయాలనుకుంటున్నాననీ, ఆమె వద్దంటే మానేస్తాననీ అన్నాను. అవతల కీబోర్డు చప్పుడు ఆగింది.

"నా పేరు పెట్టకు. నేను చెప్పేది గప్పుడే చెప్పిన. నువ్వు చేసింది, నీ పేరుతోని, నువ్వు రాయి."

క్షమించమని అడగబోయాను. మీటింగ్ ఉందని పెట్టేసింది. రాసిన నాలుగు వాక్యాలను ముందు ఆమెకే పంపాను. జవాబుగా బొటనవేలి బొమ్మ ఒక్కటి వచ్చింది. అప్పుడు గ్రూప్‌లో పెట్టాను, సన్మాన పత్రం రాసింది నేనేననీ, అది వేదిక ఎక్కేసరికే ఆయన ఒక వాలంటీర్ మీద దాడి చేశాడని నాకు తెలుసనీ, తెలిసే అందించాననీ, అడిగినప్పుడు చూడలేదని తప్పుకున్నాననీ, దాన్ని ఇంకెక్కడా చదవవద్దనీ. కాసేపటికి కోర్టు తీర్పు వచ్చిందా అని ఒకరు, పాటను పాటగా చూడాలని ఒకరు, పండగ పూట నెగెటివిటీ ఎందుకని ఇంకొకరు రాశారు. ఆ కిందనే ఎవరో, అయిదేళ్ళ లోపు పిల్లలకు టికెట్ కావాలా అని అడిగారు, వద్దని వెంటనే జవాబొచ్చింది.

మర్నాడు ఆంటీ ఫోన్ చేశారు. తిడతారనుకుని సిద్ధపడ్డాను. గొంతు బాగా తగ్గించి మాట్లాడారు, పక్కగదిలో అంకుల్ ఉన్నారేమో.

"మేమేదో పట్టించుకోలేదని అనుకోకమ్మా. ఆ ఏడాది నుంచి హాస్పిటాలిటీలో నేను ఒక్క ఆడపిల్లని కూడా వెయ్యలేదు, తెలుసా? అన్నీ మగపిల్లలకే వేస్తున్నా. ఎవరికీ కారణం చెప్పలేదు, అంతే."

ఆ మాట నన్ను ఓదార్చడానికే అన్నారు, నాకు తెలుసు. కానీ అప్పటి నుంచి నాకు కుదురు లేదు. రైలెక్కితే పుస్తకం సాగదు, డైరీ తెరిస్తే కలం కదలదు. ఎందుకంటే ఇన్నేళ్ళూ నాకొక ఊరట ఉండేది. ఆ రోజులు అలాంటివి, ఇలాంటివి నమ్మడం అప్పుడెవరికీ చేతకాలేదు, ఈ రోజులైతే వేరుగా ఉండేది అనుకునేదాన్ని. ఇప్పుడు లెక్కలేనన్ని మారాయి నిజమే. ఆడిటోరియం పెద్దదైంది, నాలాంటి పిరికిది కూడా నలుగురిలో ఒక మాట రాయగలిగింది, పేపర్లో ఆ గాయకుడి పేరు పక్కన ఆరోపణ అన్న మాట అచ్చవుతోంది. టికెట్లు మాత్రం అన్నీ అయిపోయాయని నిన్న మెసేజ్ వచ్చింది. ఆంటీ అంటే నాకు ఇప్పటికీ ఇష్టమే, ఆ ఇష్టాన్ని ఏం చేసుకోవాలో తెలియడం లేదు. ఆ ఆదివారం మేం అక్కను నమ్మలేదని నేను ఎనిమిదేళ్ళు బాధపడ్డాను. నమ్మకపోతే ఆంటీ ఆడపిల్లల్ని ఎందుకు తప్పిస్తారు? అంకుల్, ఆంటీ, నేను, ముగ్గురమూ నమ్మాం. నమ్మే, ఉప్మా చల్లారిపోతుందన్నాం.