గూట్లో చేరని పిల్లలు

మౌలాలి రైల్వే కాలనీలో కాంతమణి ఇంటి ముందుగదిలో కుట్టుమిషను ఉండేది. మిషను కింద అట్టపెట్టెలో కోడిపిల్లలు ఉండేవి. సైకిలు మీద అమ్మకానికొచ్చిన రంగు పిల్లలవి. గులాబీ, పచ్చ రంగులు రాలిపోయి తెల్ల ఈకలు వచ్చేసరికి పెట్టె చాల్లేదు. ఈకల నూగు గదంతా లేచి, ఆమె భర్త జకర్యాకు ఆయాసం తిరగబెట్టింది.

ఆయనే పెరట్లో పాత చెక్కలతో గూడు కట్టి, పైన రేకు వేసి, తలుపుకు జాలీ బిగించాడు. పగలంతా పిల్లలు మట్టి గీరుకుంటూ సుఖంగానే ఉండేవి. పొద్దు వాలితే మాత్రం గూటి వైపు చూడవు. వంటింటి గడప ముందు గుంపుగా నిలబడి కీచుకీచుమంటాయి. పట్టి లోపల పెడితే జాలీకి తలలు బాదుకుంటాయి. చూడలేక ఆమె మళ్లీ ముందుగదిలోకి తెచ్చేది. తెల్లవార్లూ జకర్యా దిండుకు ఆనుకుని కూర్చునేవాడు.

"ఇవాళ కూడా బయట పడుకోకపోతే రేపు దేవమ్మకిచ్చెయ్, కాంతం," అన్నాడు చివరికి.

పక్కింటి దేవమ్మ ఎన్నో కోళ్లను పెంచింది. ఆమె ఇంటికి వెళ్లిన కోళ్లు ఎక్కువ ఆదివారాలు చూడవని కాంతమణికి తెలుసు.

ఆ సాయంత్రం గూట్లో బల్బు వేలాడదీసింది. పిల్లలు చూశాయి, కదల్లేదు. పెట్టెలోని పాత గోనెపట్టా తెచ్చి పరిచింది. ఒకటి రెండు దాన్ని పొడిచి తిరిగొచ్చాయి. వీటికి కావలసిందేమిటి? ఆమెకు విసుగు పోయి, తెలుసుకోవాలనిపించింది. మెట్టు మీద కూర్చుని చాలాసేపు చూసింది. ఏమీ తోచక, చర్చి పాటల బృందానికి ఇవ్వాల్సిన గౌను గుర్తొచ్చి, లోపలికి వెళ్లి మిషను తొక్కింది.

బయట కీచులు ఆగిపోయాయి.

ఆపింది. మళ్లీ మొదలు. తొక్కింది. నిశ్శబ్దం. అవి యంత్రం పొదిగిన పిల్లలు. తల్లి పిలుపు ఎన్నడూ వినలేదు. ఈ ఇంటికొచ్చిన దగ్గర్నుంచి విన్నది ఈ టకటకే.

దేవమ్మను పిలిచింది. ఇద్దరూ చెరోవైపు పట్టి మిషనును గూటి వెనక పెట్టారు. కాంతమణి సూదిలో దారం తీసేసి తొక్కసాగింది.

"ఏందక్కా, కోళ్లకు జాకెట్లు కుడుతున్నవా? కొలతలన్న తీసుకున్నవా?" అంది దేవమ్మ.

ఒక పిల్ల గూట్లోకి నడిచింది. వెనకే ఇంకొకటి. అన్నీ చేరాక కాంతమణి పాదం ఆపింది. ఒక తల బయటికొచ్చింది. మళ్లీ మెల్లగా తొక్కింది. తల లోపలికి పోయింది.

దేవమ్మ నవ్వు మానేసింది. "జెర ఇంకోసారి ఆపక్కా, చూస్త."

జకర్యా ఆ రాత్రి పడుకుని నిద్రపోయాడు. ఆ తర్వాత ప్రతి సాయంత్రం ఆమె తొక్కడం కొంచెం కొంచెం తగ్గిస్తూ వచ్చింది. ఒక సాయంత్రం మిషను ముందు కూర్చుని, అసలు తొక్కకుండా చూసింది. పిల్లలు గూటి ముందు ఆగాయి. చీకటి పడుతోంది. వాటిలో పెద్దది లోపలికి వెళ్లి, గొంతులో సన్నగా ఏదో అంది. అది ఎక్కడ నేర్చిందో కాంతమణికి అంతుపట్టలేదు. మిగతావి దాని వెంట వెళ్లాయి.

ఆమె జాలీ వేసి, ఇంట్లోకి చూస్తూ అంది: "ఏవండీ, మిషను లోపల పెట్టాలి. ఒక చెయ్యి వెయ్యండి."

జకర్యా వచ్చి, ఆయాసపడకుండా ఓ పక్క ఎత్తాడు.