జర్మన్ మాటకు నా కొలత

మా ఇంట్లో ఏ లెక్క తేలకపోయినా నన్నే పిలుస్తారు. చదువు పదో తరగతితో ఆగినా, గోడకు ఎన్ని ఇటుకలు పడతాయో, పెళ్లికి ఎంత బియ్యం కావాలో నోటితోనే చెప్పేస్తాను. ఆ పొగరుతోనే జర్మన్‌లోకీ దిగాను.

మా అక్క కూతురు నంద్యాల ఆస్పత్రిలో నర్సు. జర్మనీలో ఉద్యోగం కోసం పెట్టే జర్మన్ మాట్లాడే పరీక్ష ఒకసారి తప్పింది. మళ్లీ తప్పితే ఆ చోటు ఇంకొకరికి పోతుంది. పొడుగు మాట వచ్చినచోటల్లా ఊపిరి చాలక ఆగిపోతోందట. ఓ ఆదివారం ఆళ్లగడ్డలో అక్క ఇంటికి వెళ్తే, ఆ పిల్ల ఒక మాట తెలుగు అక్షరాల్లో రాసి నా చేతిలో పెట్టింది: క్రాంకెన్‌ఫెర్జిషెరుంగ్స్‌కార్టె.

పలికించి వేళ్లు మడిచాను. క్రాం, కెన్, ఫెర్, జి, షె, రుంగ్స్, కార్, టె. ఎనిమిది. రెండుతో భాగిస్తే నాలుగు, శేషం సున్నా. అంత అందంగా తెగిన మాటకు అర్థం అడగాలని నాకెందుకు తోస్తుంది? సరిగ్గా నడుమ ఎర్రగీత గీసి, ఎక్కాల రాగంలో వల్లె వేయించాను. "క్రాంకెన్‌ఫెర్జి... షెరుంగ్స్‌కార్టె!" నంద్యాల బస్సులో కూడా వల్లించమన్నాను. వల్లించింది, పాపం.

మరుసటి ఆదివారం ముఖం వేలాడేసుకుని వచ్చింది. "ఫోన్లో మా జర్మన్ టీచరమ్మకు ఒక్క ముక్క అర్థం కాలే మామా. ఏందీ, ఏందీ అని మూడుసార్లు అడిగె. పరీక్ష ఇంగ నాలుగు దినాలే ఉండాది."

"గట్టిగా చెప్పలేదేమో," అన్నాను. తప్పు లెక్కలో ఉంటుందని నాకు తోచనే లేదు.

మా బావ రాతి విగ్రహాలు చెక్కుతాడు. వాకిట్లో పని చేసుకుంటున్నవాడు సుత్తి ఆపాడు. "ఆ మాటలో ఏమేముండాయి పాపా?"

"క్రాంకెన్ అంటే రోగులు నాయనా. ఫెర్జిషెరుంగ్ అంటే బీమా. కార్టె అంటే కార్డు."

"ఈయప్ప యాడ కోసినాడు?"

కాగితం చూపించింది. నా ఎర్రగీత కింద బీమా రెండు ముక్కలై పడివుంది.

"ఏం బామ్మర్దీ, మెడ యాడుండాదో చూడకుండా, బొమ్మ పొడుగు కొలిచి సగానికి కొడ్తివా? నువ్వు నా రాళ్లకాడికి రావద్దప్పా!"

ఆ మూడు ముక్కలకూ వేళ్లు మడిచాను. రెండు, నాలుగు, రెండు. మొత్తం ఎనిమిదే కదా అని వాదించబోయాను. అక్క కాఫీ గ్లాసు చేతికిచ్చి నా నోరు మూయించింది. పిల్ల నా గీత కొట్టేసి, వేరేచోట్ల రెండు గీతలు గీసుకుంది.

ఫలితం వచ్చిన రోజు ఫోన్ చేసింది. "పాసైనా మామా!"

నా కోచింగ్ ఏమైనా పనికొచ్చిందా అని అడిగాను.

"నీ ఎక్కం రాగం మర్చిపోయేదానికే మూడు దినాలు పట్టె మామా. చదివింది ఒక్క దినమే."

నాలుగులోంచి మూడు పోతే ఒకటి. ఆ లెక్క సరిగ్గానే ఉంది.