గాలి పట్టిన ముసలిది

ఆయన కండక్టరు ఉద్యోగం నుంచి రిటైరై చాలా కాలమైంది గానీ, బస్సు మాత్రం ఇంకా దిగలేదు. ఇంటికి చుట్టాలొస్తే గుమ్మంలో అడ్డంగా నిలబడి, "లోపలికి జరగండి, లోపల బోలెడు ఖాళీ ఉంది" అంటాడు. హాల్లో ఎవరైనా కాళ్ళు చాపుకుని కూర్చుంటే, "దారిలో సామాన్లు పెట్టకండి" అంటాడు. భార్యతో మాటా మాటా పెరిగితే, తన స్టాపు వచ్చినట్టు మధ్యలో లేచి వెళ్ళిపోతాడు. వీధిలో చిన్నా పెద్దా అందరికీ ఆయన రైట్ రైట్ మావయ్య. ఆ పేరంటే ఆయనకీ ఇష్టమే.

మెడలో ఈల ఇంకా వేలాడుతూనే ఉంటుంది. దానికో కారణం లేకపోలేదు. బావి పెరట్లో ఉంది, నీళ్ళు తోడే మోటారు బావి పక్కనే ఉంది, దాని స్విచ్చి మాత్రం వంటింట్లో ఉంది. ఇదేం ఏర్పాటయ్యా అని ఎవరైనా అడిగితే, "డ్రైవరూ కండక్టరూ ఒక సీట్లో కూర్చుంటారా?" అని ఎదురడుగుతాడు. ఆయన పెరట్లో రెండు ఈలలు వేస్తే వంటింట్లో ఆవిడ స్విచ్చి వెయ్యాలి. ఒక్క ఈలకి ఆపెయ్యాలి. ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడ ఆయన చెప్పినట్టు విన్నది ఆ రెండు విషయాల్లోనే.

మోటారు పేరు ముసలిది. ఉద్యోగంలో చేరిన కొత్తలో కొన్నాడు దాన్ని. అప్పటిదాకా ఆ ఇంటి నీళ్ళన్నీ వాళ్ళమ్మే తోడేది. తాడు ఒరిపిడికి ఆవిడ అరచేతులు కాయలు కాసి చెక్కముక్కల్లా ఉండేవి. మోటారు బిగించిన రోజు ఆవిడ చేంతాడు ఊడదీసి, చుట్ట చుట్టి, గోడవతల పారేసి, "ఇంక నా చేతులు నావి" అంది. జన్మలో ఏం సాధించావని దేవుడడిగినా ఆయన ఈ ముక్కే చెబుతాడు. ఆ తర్వాత గిలక పీకించేశాడు. పిల్లులు పడుతున్నాయని బావి మీద ఇనప జాలీ పరిపించి చుట్టూ వెల్డింగు కొట్టించేశాడు. పైపు దిగేటంత కన్నం తప్ప ఇప్పుడా బావికి నోరన్నది లేదు.

వీధిలో అన్ని ఇళ్ళకీ కుళాయిలొచ్చాయి. ఈయన పెట్టించుకోలేదు సరికదా, కుళాయి కింద బకెట్టు పెట్టుకుని కూర్చున్న ప్రతివాళ్ళ దగ్గరా ఆగి, "మా ముసలిదైతే ఈపాటికి ట్యాంకు నింపేసి కూర్చునేది" అని పోయేవాడు.

ఆ ముసలిదే మొండికేసింది.

కూతురింటికి వెళ్ళి, కొన్నాళ్ళుండి, అందరూ ముందు రాత్రే తిరిగొచ్చారు. పొద్దున్నే ట్యాంకు ఖాళీ అయిపోతే, ఆయన పెరట్లోకి వెళ్ళి రెండు ఈలలు వేశాడు. వంటింట్లో స్విచ్చి పడింది. మోటారు గుర్రుమంటూ తిరిగింది. నీళ్ళు రాలేదు. ఫ్యూజు చూశాడు, బాగుంది. కరెంటు చూశాడు, వస్తోంది. గొట్టానికి చెవి ఆనించి విన్నాడు, ఉత్త హోరు. మోటారు మీద చెయ్యేస్తే చుర్రుమంది.

"గాలి పట్టింది" అన్నాడు.

పైపులో నిలవుండాల్సిన నీళ్ళు జారిపోయి, ఆ చోట్లో గాలి చేరిందన్నమాట. మోటారు గాలి పీలుస్తుంది, గాలే కక్కుతుంది. దానికి మందు ఒకటే. మోటారు నెత్తిన ఉన్న మూత విప్పి, గొంతుదాకా నీళ్ళు పోసి, అప్పుడు తిప్పాలి. నీళ్ళు కావాలంటే ముందు నీళ్ళు కావాలి.

"నీళ్ళేవీ?" అంది భార్య.

"అది తోడుతుందిగా."

"తోడాలంటే పొయ్యాలన్నారుగా."

"పోస్తే తోడుతుందిగా."

"ఏమండీ, నాకు ఓపిక లేదు" అంది ఆవిడ. "పొద్దుగుంకేలోగా ఇది నీళ్ళిచ్చిందా, సరే. ఇవ్వలేదా, రేపే మనుషుల్ని పిలిచి బావి పూడ్పించేసి కుళాయి పెట్టించేద్దాం. మాటేనా?"

"మాటే" అన్నాడు ఆయన, ఆవేశంలో.

"నేను విన్నాను" అంది వాళ్ళమ్మ లోపల్నుంచి. ఆవిడ స్నానానికి తువ్వాలు భుజాన వేసుకుని చాలాసేపట్నుంచి కూర్చునుంది. "నీళ్ళొచ్చాకే నన్ను లేపండి. అప్పటిదాకా నేనెవరితోనూ మాట్లాడను" అని మంచమెక్కి, ఈగలు వాలకుండా ముఖమ్మీదికి దుప్పటి లాక్కుని పడుకుంది.

ఆయన ముందుగా ఒక షరతు పెట్టాడు. సంగతి గడప దాటకూడదు. కుళాయిల వాళ్ళ దగ్గర బకెట్టు పట్టుకుని నిలబడేకంటే తనే బావిలో దూకేస్తాడట. "ఎలా దూకుతారు, వెల్డింగు కొట్టించారుగా" అంది భార్య.

ఇంట్లో ఉన్న తడంతా మోటారు పాలైంది. తాగేందుకు పెట్టుకున్న కూజా, ఫ్రిజ్జులో సీసాలు, పూలసీసాలో నీళ్ళు, పూలు తీసేసి. అన్నీ గుటగుటమని మింగి, అడుగునున్న పైపులోంచి బావిలోకి జార్చేసింది. ఆయన జాలీలోంచి తొంగి చూశాడు. కింద నిండా నీళ్ళు, అందులో తన మొహం. ఒక పొడుగాటి గ్లాసుకి దారం కట్టి జాలీ సందులోంచి దింపాడు. ఎంతోసేపు తంటాలు పడి పైకి లాగితే, సందు దగ్గర ఒరిగి ఒలికిపోగా, దగ్గుమందు మోతాదంత మిగిలింది. దాన్నీ భక్తిగా మోటారు నోట్లో పోశాడు.

ఇక లాభం లేదని భార్య మోటారు మెకానిక్కుకి ఫోన్ చేసింది. సిగ్నలు గోడ దగ్గరే వస్తుంది. అతని షాపులో ఎప్పుడూ దడదడమని చప్పుడు, అందుకని అరిచి మాట్లాడాలి. గోడకి అవతల పక్కింటి పిన్ని బట్టలారేస్తోంది. పిన్నికి ఈ వీధిలో తెలియని విషయమంటూ ఉంటే, ఆ రాత్రి ఆవిడకి నిద్ర పట్టదు. చేతిలో దుప్పటి చేతిలోనే ఉండగా ఆగిపోయి వింది.

"తమ్ముడూ, ముసలిది పొద్దున్నించీ బాగాలేదు. ఆఁ, రొద పెడుతోంది, ఒళ్ళు చూస్తే కాలిపోతోంది."

"..."

"నోట్లో ఎన్ని నీళ్ళు పోసినా నిలవటం లేదు. మింగినట్టే మింగి కిందికి వదిలేస్తోంది. గాలి పట్టిందనే ఈయనా అంటున్నారు."

"..."

"పొయ్యడానికి ఇంట్లో చుక్క నీళ్ళు లేవయ్యా."

"..."

"అమ్మేయమంటావా? ఈ వయసులో దాన్నెవరు కొంటారు? పైగా ఈయన ఒప్పుకోరు, దాన్ని చూసుకునే బతుకుతున్నారు. ఈ పూట గడిస్తే చూద్దాంలే."

పిన్ని దుప్పటి తీగమీద పడేసి సందులోంచి చుట్టూ తిరిగొచ్చి, కండక్టరుగారి కిటికీలోంచి తొంగి చూసింది. మంచమ్మీద పెద్దావిడ. ముఖమ్మీద దుప్పటి. ఉలుకూ పలుకూ లేదు. అమ్మేయడం దగ్గర పిన్నికి కాస్త అనుమానం వచ్చిన మాట నిజమే. కష్టంలో మనిషి ఏదో అంటుందిలే, మనం పట్టించుకోకూడదని సర్దుకుంది.

"ఇంట్లో చుక్క నీళ్ళు లేవుట" అన్నది మాత్రం వీధి చివరిదాకా మోసుకెళ్ళింది. అలాంటి ఇంటికి జనమొస్తారు, నీళ్ళు లేకపోతే ఎలా?

ఇక్కడ భార్య మెకానిక్కు చెప్పింది భర్తకి చెబుతోంది. పైపు అతుకు దగ్గర ఈయన సొంత తెలివితో ఒక వాషరు వేశాడు. పాత టికెట్ల సంచీ తోలు కత్తిరించి వేశాడు. వాడకం లేక అది ఎండి ముడుచుకుపోయింది, ఆ సందులోంచే గాలి దూరుతోంది. "తోలు బాగా నానితే ఉబ్బి పట్టుకుంటుందిట. నానేదాకా ఆపకుండా పొయ్యాలిట. మధ్యలో ఆపితే మళ్ళీ మొదటికేనట."

ఆయన పడమటికి చూశాడు. ఎండ గోడ మీదికి ఎక్కేసింది.

అప్పుడు గేటు చప్పుడైంది. ముందు పిన్ని, వెనక ఎదురింటి దర్జీ, ఆ వెనక వీధిలో సగం మంది. అందరి మొహాలూ వేలాడుతున్నాయి, అందరి చేతుల్లో నిండు బిందెలు. ఆయన ఈల పట్టుకుని భార్యకేసి చూశాడు. 'నేను చెప్పలేదు' అన్నట్టు ఆవిడ అడ్డంగా తలూపింది. సంగతి గడప దాటిపోయింది. పరువు పోయింది.

"ఎప్పట్నుంచి నాయనా?" అంది పిన్ని, గొంతు తగ్గించి.

"పొద్దున్నించి" అన్నాడు ఆయన, తల దించుకుని.

"బాధపడిందా?"

"కాస్త రొద పెట్టింది."

"ఎంత చాకిరీ చేసింది మావయ్యా, ఈ ఇంటికి" అన్నాడు దర్జీ.

ఆయన కళ్ళు చెమర్చాయి. కుళాయిల వాళ్ళకి ఇంత మంచి మనసుందని ఆయనకి తెలీదు. "ఒక్కనాడూ మొరాయించలేదయ్యా. ఎండనక వాననక."

"వయసైపోయింది. మనసు గట్టి చేసుకోవాలి."

"ఇంకా ఆశ ఉంది. ఆ బిందె ఇటివ్వు, నోట్లో పోసి చూస్తాను."

దర్జీ గబగబా అందించాడు. ఆయన బిందె అందుకుని, ఇంట్లోకి కాకుండా బావి దగ్గరికెళ్ళి, మోకాళ్ళ మీద కూర్చుని మోటారు నెత్తిన పోయడం మొదలుపెట్టాడు. అందరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు.

"గాలి పట్టింది ఆవిడకి కాదు" అంది పిన్ని దర్జీ చెవిలో. "ఇదిగో, ఇతనికి."

"ఏం చేద్దాం?"

"చేసేదేముంది, దుఃఖం. చెప్పినట్టు చెయ్యి."

"తర్వాత" అన్నాడు కండక్టరు, ఖాళీ బిందె వెనక్కిస్తూ. "ఆగకూడదు. లోపలికి జరగండి, లోపల ఖాళీ ఉంది. ఖాళీ బిందెలు ఇటు దిగండి, నిండు బిందెలు అటు ఎక్కండి. తోసుకోకండి."

జనం జరిగారు. ఆ గొంతు వింటే ఎవరైనా జరుగుతారు. బిందె వెంట బిందె పడింది. ఏడవడానికొచ్చిన వాళ్ళు వరస కట్టి నీళ్ళు అందించారు, మధ్యమధ్య ముక్కు చీదారు. కండక్టరు పోస్తూనే ఉన్నాడు. అతుకు దగ్గర మొదట బుడగలు ఉడుకుతున్నట్టు లేచాయి, తర్వాత నెమ్మదించాయి, తర్వాత ఒక్కొక్కటి, ఆగి ఆగి. నీళ్ళు మోటారు మెడదాకా వచ్చి, అక్కడ నిలబడ్డాయి. జారలేదు.

ఎండ గోడ పైఅంచు మీద ఉంది. ఆయన మూత బిగించాడు. ఈల నోట పెట్టుకుని రెండుసార్లు ఊదాడు.

"ఇంట్లో ఇంత జరిగితే ఈలేమిటయ్యా" అని ఎవరో గొణిగారు.

స్విచ్చి పడింది. మోటారు గుర్రుమంది, దగ్గింది, పైపు ఒక్క కుదుపు కుదిపింది. పైన ట్యాంకులో దభదభమని నీళ్ళ చప్పుడు.

"బతికింది" అన్నాడు కండక్టరు, చేతులు రెండూ పైకెత్తి. "మా ముసలిది బతికింది."

పెరటి తలుపు తెరుచుకుంది. భుజాన తువ్వాలుతో పెద్దావిడ బయటికొచ్చి, "నీళ్ళొచ్చాయట్రా?" అంది.

పిన్ని ఉన్నచోటే బురదలో కూర్చుండిపోయింది. దర్జీ ఖాళీ బిందె నెత్తిన పెట్టుకున్నాడు, ఎందుకో అతనికే తెలీదు. మోటారు ఒక్కటే హాయిగా తిరుగుతోంది.

విషయం విడమర్చడానికి చాలాసేపు పట్టింది. పెద్దావిడ స్నానం సంగతి మర్చిపోయి, కుర్చీ తెప్పించుకుని కూర్చుని, ఒక్కొక్కళ్ళనీ పిలిచి విచారణ చేసింది. నువ్వు ఏడ్చావా? నువ్వు? ముక్కు చీదితే సరిపోతుందా? ఆనక కోడలికేసి తిరిగింది.

"నన్ను ముసలిదీ అన్నావుట."

"మిమ్మల్ని కాదత్తయ్యా, మోటారుని."

"ఎవరు కొంటారు అన్నావుట."

"అదీ మోటారుని."

"మోటారునైతే పాతసామాన్ల వాడు కొంటాడుగా" అందావిడ, ఆలోచిస్తూ.

కోడలు మొగుడికేసి తిరిగి, "మాట మాటే, బావి జోలికి రాను" అంది. "కానీ రేపు ఆ జాలీకి బిందె పట్టేటంత తలుపు కోయించండి. లేకపోతే ఇంకోసారి నీళ్ళు కావాలంటే మీ అమ్మ మళ్ళీ పడుకోవాలి."

"నాకేం అభ్యంతరం లేదు" అంది పెద్దావిడ.

తెచ్చిన బిందెల్లో నీళ్ళు ఒంపేసి ఖాళీగా పంపడం కండక్టరుకి నచ్చలేదు. కుళాయి నీళ్ళు తెచ్చిన ప్రతి బిందెనీ బావి నీళ్ళతో నింపి ఇచ్చాడు. "తాగి చూసి చెప్పండి" అని ఒక్కొక్కళ్ళకీ చెప్పాడు. ట్యాంకు పొంగి పెరడంతా పారింది. అప్పుడు గుర్తొచ్చి ఒక్క ఈల వేశాడు.

మోటారు ఆగింది. దిగేవాళ్ళు మాత్రం ఎవరూ లేరు. పెద్దావిడ కుర్చీ చుట్టూ అందరూ సర్దుకుని కూర్చున్నారు, కోడలు మరింత జరిగి పిన్నికి చోటిచ్చింది.