ఏటి రాళ్లు

నా చిన్నప్పుడు రాయగడలో మా ఇంటి మడిబట్టలు ఉతికే పని మా మేనత్తది. ఇరవై రెండేళ్లకే భర్త పోయి పుట్టింటికి చేరిన మనిషి. నాగావళికి ఆ బట్టల మూట మోసుకెళ్లడం తప్ప ఆవిడకు గడప దాటే వీలు ఉండేది కాదు. తోడుగా నన్ను పంపేవారు. నాకప్పుడు తొమ్మిదేళ్లు. నోరు మాత్రం ముప్పై ఏళ్లవాళ్లది.

మా మావయ్య, అంటే అత్త భర్త, కొండల్లో రాళ్లు పరీక్షించే సర్వే వాళ్ల వెంట గుమస్తాగా తిరిగేవాడట. పెళ్లయిన మూడేళ్లకే మన్యం జ్వరం ఆయన్ని పొట్టన పెట్టుకుంది. ఉన్న ఆ కాస్త కాలంలోనే ఆయన అత్తకు ఒక వింత విద్య నేర్పాడు. ఏటి ఒడ్డు కోసుకుపోయిన చోట, గులకరాళ్ల మధ్య, వేల ఏళ్ల కిందటి జంతువుల పళ్లు దొరుకుతాయి. మట్టిలో ఉండి ఉండి రాయిలా మారిన పళ్లు. వాటిని పోల్చుకోవడం, శుభ్రం చేయడం ఆవిడకు వచ్చు.

బట్టలు ఆరేలోగా నాకూ నేర్పింది. నమిలే వైపు నెలవంకల్లాంటి గీతలుంటే అది ఎద్దుదో జింకదో, పెద్దదా చిన్నదా అన్నదాన్ని బట్టి చెప్పాలి. గుర్రానిదైతే నలుచదరంగా, పొడుగ్గా, పైన ముగ్గు చిక్కుపడ్డట్టు ఉంటుంది. పందిదైతే బుడిపెలు బుడిపెలుగా ఉంటుంది. నేనోసారి ఇత్తడి చెంబు తోమినట్టు చింతపండు పెట్టి తోమబోతే చెయ్యి పట్టుకుని ఆపింది. పులుపు పన్నును తినేస్తుందట. నమిలి మెత్తన చేసిన వేపపుల్లతో, వట్టి నీళ్లతో, సందుల్లో మట్టి చీపురుపుల్లతో తీయాలి. ఎండలో పెడితే పగులుతుంది, నీడనే ఆరాలి. రాయో పన్నో తెలియకపోతే వేరు వైపు నాలుకకు తాకించాలి. పన్నయితే నాలుకను పట్టుకుంటుంది.

ఈ సంగతులు ఇంట్లో ఎవరికీ తెలియవు. ఎముక మైల, గడప లోపలికి రాకూడదు. అందుకే అత్త వాటిని బిస్కెట్ల డబ్బాలో వేసి వెనక వసారాలో పెట్టుకుని, ఎవరడిగినా ఏటి రాళ్లని చెప్పేది. పాపం, ఏదో కాలక్షేపం అనుకుని అందరూ వదిలేశారు.

ఆ ఏడు తాతయ్య తద్దినానికి ఆయన అన్నగారు మునిగుడ నుంచి వచ్చారు. ఇంకా భోక్తలు కూర్చోలేదు. ఆయన భోక్తలకిచ్చే తాంబూలాల్లోకి సున్నం వెతుకుతూ వసారాలో ఆ డబ్బా మూత తీశారు. ఇవేమిటని అడిగితే, వంటింటి గుమ్మంలోంచి అత్త ఏటి రాళ్లు పెదనాన్నా అంది.

నేను ఊరుకుంటేనా. నాకు తెలిసిన విద్య నలుగురి ముందూ చూపించే రోజు అదేననుకున్నాను. డబ్బాలోంచి అన్నిటికంటే పెద్దది తీసి, "రాయి కాదు తాతయ్యా, గుర్రప్పన్ను. సూడండి, నాలిక్కి అంటుకుంటాది," అని అక్కడే నాకి చూపించాను.

ఇల్లంతా మైలపడింది. వండినదంతా పారబోసి, అందరూ తలస్నానాలు చేసి, మళ్లీ పొయ్యి వెలిగించారు. నన్నెవరూ కొట్టలేదు. మా నాన్నమ్మ అత్తనూ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. సాయంత్రం డబ్బా ఎదురుగా కూర్చుని, "కట్టుకున్నోడి ఎముకలే గంగలో కలిపేసుకున్నాం. ఈ ఎముకలు నీకేటికే తల్లీ," అని ఏడ్చింది. అత్త లేచి డబ్బా తీసుకుంది.

నన్ను తోడు తీసుకెళ్లి, ఏట్లో లోతైన మడుగు దగ్గర ఒక్కొక్కటీ వదిలింది. ఎద్దు, జింక, పంది, అని పేరు పెట్టి మరీ వదిలింది. నేను నాకిన గుర్రప్పన్ను మాత్రం చాలాసేపు గుప్పిట్లోనే ఉంచుకుంది. అది మావయ్య ఇచ్చిన మొదటిదని అప్పుడే నాకు చెప్పింది. దాన్నీ వదిలేసింది. నేను వెక్కివెక్కి ఏడుస్తుంటే తడి చేత్తో నా మొహం తుడిచింది.

"నువ్వు అబద్ధమేటీ సెప్పలేదమ్మీ. నేర్పింది నేనే గదా. సెప్పేముందు ఒక్కసారి నా మొకం సూసుంటే బాగుండును."

నిజంగానే నేను చూడలేదు. గుమ్మంలో ఆవిడ తల అడ్డంగా ఆడించిందో, చేతులు జోడించిందో, ఈనాటికీ నాకు తెలియదు.

ఆ తర్వాత అత్త నూతి దగ్గరే బట్టలు ఉతికింది. వానలు తగ్గాక నేనొక్కదాన్నే దొంగతనంగా వెళ్లి, జింక పన్నొకటి వెతికి, వేపపుల్లతో తోమి తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాను. వేళ్లు దాని గీతల మీద ఒక్క క్షణం నిలిచాయి. రాయేలే అమ్మీ, అని తిరిగి ఇచ్చేసింది. మరుసటేడు ఆవిడను రామనగుడలో ఉన్న మావయ్య అన్నగారింటికి వంటకు పంపారు. అక్కడే, ముప్పై నిండకుండానే పోయింది. కబురు మాకు కర్మ అయ్యాక అందింది.

నాకిప్పుడు ఎనభై దాటాయి. ఎవరేమడిగినా వెంటనే నోరు విప్పను. ముందు అక్కడున్న వాళ్ల మొహాలన్నీ ఒకసారి చూస్తాను, గుమ్మం వైపు కూడా. ఈలోగా మా కోడలు అడిగిందే మళ్లీ గట్టిగా అడుగుతుంది. నాకు చెవుడు వచ్చిందని ఇంట్లో అందరి నమ్మకం. అనుకోనిస్తాను.