ఆండాళు నాలుగు తీగల గిటారు

మిర్యాలగూడ టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటరుగా పనిచేసే ఆండాళుకు బేస్ గిటార్ అంటే ఏమిటో 1974 దాకా తెలియదు. ఆ తర్వాతైనా పూర్తిగా తెలిసిందని ఆమె ఎన్నడూ అనలేదు.

వాళ్లది ధాన్యం వ్యాపారం చేసే ఇల్లు. తండ్రి పోయాక దుకాణం తమ్ముడు దయాకర్ చూసుకునేవాడు. అతనికి గిటార్ పిచ్చి. ఆదివారం వచ్చిందంటే దుకాణం వెనక గోదాములో, వడ్ల బస్తాల నడుమ, అతని పాటల పార్టీ కూడేది. సూర్యాపేట నుంచి దర్జీ యాదయ్య వచ్చి డ్రమ్ములు వాయించేవాడు. కోదాడ నుంచి బడిపంతులు నాగేశ్వర్ రావు అకార్డియన్ మోసుకుని బస్సు దిగేవాడు. డ్యూటీ లేనప్పుడు ఆండాళు పాడేది.

ఒక ఆదివారం నాగేశ్వర్ రావు ఒక కబురు తెచ్చాడు. విజయవాడ ఆర్కెస్ట్రాల్లో బేస్ గిటార్ వాయించిన ఒకాయన కోదాడలో చనిపోయాడట. ఆయన భార్య చంద్రమ్మ రెండు గిటార్లను అమ్మేద్దామనుకుంటోందట.

"మనకు కావాల్సింది అదేనండీ. బేస్ లేకపోతే మన పాట నిలబడదు" అన్నాడు.

"అదెట్లుంటది సార్?" అంది ఆండాళు.

"కింద ఉంటుందమ్మా."

"దేని కింద?"

"పాట కింద."

ఆమెకు అర్థం కాలేదు. దయాకర్ అర్థమైనట్టు తల ఊపాడు గానీ, అడిగితే అతనూ చెప్పలేకపోయాడు. దాన్ని ఎవరు వాయిస్తారన్న మాట వచ్చేసరికి అందరూ ఎవరి వాయిద్యం వాళ్లు చూసుకున్నారు.

"నా చేతులు ఖాళీనే గద" అంది ఆండాళు. ముగ్గురూ నవ్వారు. ఆమె నవ్వకపోయేసరికి ఆపేశారు.

మరుసటి ఆదివారం నలుగురూ కోదాడలో కలుసుకున్నారు. చంద్రమ్మ ముందుగదిలో మంచం మీద గిటార్లు రెండూ పక్కపక్కన ఉన్నాయి. ఒకటి కొత్తది, ఎర్రగా నిగనిగలాడుతోంది, తేలిక. రెండోది పాత పద్ధతిది. ఎప్పటిదో విదేశీ గిటారును చూసి కలకత్తాలో చేశారట. నడుమ తేనె రంగు, అంచులకు పోయేకొద్దీ నలుపు తిరిగిన చెక్క, బారెడు మెడ. ఎత్తితే పసిపిల్లవాణ్ణి ఎత్తుకున్నంత బరువు. రెండింటికీ నాలుగేసి తీగలే.

"అమ్మా, మిగిలిన రెండు తీగలు తెగినయా?" అని అడిగింది ఆండాళు.

"తెగలేదమ్మా. దీనికి నాలుగే ఉంటాయి" అంది చంద్రమ్మ.

"ఎర్రది తీస్కుందాం అక్కా. స్టేజీ మీద మెరుస్తది" అన్నాడు దయాకర్.

యాదయ్య ఒక కన్ను మూసి, మెడ పొడవునా చూశాడు. "మెరిస్తే ఏమొస్తది? ఎర్రదాని మెడ జర వంగింది. పాతది సక్కగున్నది సూడు."

"పాతదాని తీగలు మరీ మందమండీ. వేళ్లు బొబ్బలెక్కుతాయి" అన్నాడు నాగేశ్వర్ రావు. తెమ్మని చెప్పినవాడు తనే, ఇప్పుడు ఏదీ వద్దన్నట్టు మాట్లాడుతున్నాడు.

గది మూలన పూల గుడ్డ కప్పిన బల్ల, దాని మీద రేడియో ఉన్నాయి. చంద్రమ్మ గిటారు వైరును ఆ గుడ్డ వెనక్కి తీసుకుపోయి తగిలించింది. నాగేశ్వర్ రావు ముందు ఎర్రదాన్ని మీటాడు. శబ్దం గట్టిగా, స్పష్టంగా వచ్చింది. అందరికీ నచ్చింది. తర్వాత పాతది మీటాడు. బయట హైవే మీద లారీ వచ్చి ఆగిందనుకుని ఆండాళు కిటికీ వైపు చూసింది. లారీ లేదు. ఆమె కూర్చున్న కుర్చీలో ఏదో కదులుతోంది. చెవికి తక్కువా, పక్కటెముకలకు ఎక్కువా వినపడుతోంది.

"ఇదే తీస్కుంట" అంది.

"ఎందుకక్కా?"

"తెల్వదు."

దుప్పటిలో చుట్టి మిర్యాలగూడ బస్సెక్కించారు. హుజూర్‌నగర్ దాటేదాకా ఆండాళు దాన్ని ఒళ్లో పెట్టుకునే కూర్చుంది. కండక్టరు "తంబూరనా అమ్మా?" అని అడిగితే, అవునో కాదో తేల్చుకోలేక దుప్పటి సర్దుకుంది.

ఇంట్లో అసలు పరేషాన్ మొదలైంది. దయాకర్ చిన్న యాంప్లిఫయర్‌కు తగిలిస్తే గిటారు బుర్రుమని గొణిగేది. కోదాడలో విన్న శబ్దం జాడ లేదు. వేళ్లతో మీటాలని ఒకరు, ప్లాస్టిక్ బిళ్లతో మీటాలని ఒకరు. వేళ్లు నిజంగానే బొబ్బలెక్కాయి. ఎక్స్ఛేంజీలో ప్లగ్గులు గుచ్చుతుంటే చురుక్కుమనేవి. తల్లి కనకమ్మ గుమ్మంలో నిలబడి కాసేపు విని, "గిదేం పాటనే? ఎన్నడు మొదలైతది?" అని అడిగింది.

"ఇదే పాటమ్మా."

"ఔనా?" అని లోపలికి పోయింది.

వైశాఖంలో వాసవి జయంతికి కన్యకా పరమేశ్వరి గుడి ఆవరణలో వీళ్ల కచేరీ పెట్టారు. మైకు సెట్టు ఊళ్లో అద్దెకిచ్చే బీక్యాది. గుంజలకు కట్టిన ఇనుప హారన్లు ఊరంతా వినిపించాయి. దయాకర్ గిటారు వినపడింది, అకార్డియన్ వినపడింది, యాదయ్య డ్రమ్ములు మైకు లేకుండానే వినపడ్డాయి. ఆండాళు పాట పాటకూ చెమటలు కక్కుతూ మీటింది. హారన్లలో ఆమె గోళ్లు తీగలకు తగిలిన టిక్కుటిక్కు తప్ప ఇంకేమీ రాలేదు.

కచేరీ అయ్యాక వరసకు పెద్దమ్మ అయ్యే ఈశ్వరమ్మ దగ్గరికి వచ్చి ప్రేమగా చెయ్యి పట్టుకుంది. "ఎందుకు బిడ్డా, గంత బరువు పట్టుకొని ఊకె నిలబడ్డవ్? కుర్సీ ఏస్తుండె గద."

ఆండాళుకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. లోపం తన వేళ్లదా, గిటారుదా, బీక్యా మైకుదా? అసలు కోదాడలో విన్న శబ్దం నిజమేనా? "చూపిచ్చింది ఒకటి, ఇచ్చింది ఇంకొకటి కావచ్చక్కా" అన్నాడు దయాకర్. యాదయ్య కాదన్నాడు. నాగేశ్వర్ రావు, "నాకూ అయోమయంగానే ఉందమ్మా" అన్నాడు. అందరిలోకీ అతను చెప్పిందే నిజంలా తోచింది.

సెలవు పెట్టి, గిటారును మళ్లీ దుప్పటిలో చుట్టి, ఆమె ఒక్కతే కోదాడ పోయింది. దెబ్బలాడాలని దారంతా మాటలు కూర్చుకుంది. తీరా చంద్రమ్మ మంచినీళ్లు ఇచ్చేసరికి ఆ మాటలన్నీ పోయాయి.

"అమ్మా, ఇది మోగుతలేదు. మీ ఇంట్ల మోగింది. మీ రేడియో ఏం రేడియో?"

"రేడియోకి ఎవరు తగిలించారమ్మా?" అంటూ చంద్రమ్మ వెళ్లి రేడియో దించి, పూల గుడ్డ లాగేసింది. కింద ఉన్నది బల్ల కాదు. నడుమెత్తు నల్ల పెట్టె. ముందు జల్లెడ లాంటి గుడ్డ, దాని వెనక చాటంత స్పీకరు, పైన వాల్వుల యాంప్లిఫయర్.

"ఆయన ఇది లేకుండా వాయించేవారు కాదు. మీకూ ఒకటి ఉంటుందనుకున్నా. అడిగితే చెప్పేదాన్ని కదా."

"అడగాలంటే తెల్వాలె గద అమ్మా."

ఇద్దరూ నవ్వేశారు. చంద్రమ్మ వైరు తగిలించి, "ఏదీ, వాయించు" అంది. ఆండాళు వాయించింది. మళ్లీ ఆ లారీ వచ్చి గదిలో ఆగింది. చంద్రమ్మ కళ్లు మూసుకుని విని, "అంత గట్టిగా నొక్కకు. ఆయన నిద్రపోతున్నట్టు వాయించేవారు" అంది. పెట్టె ఇవ్వాలా వద్దా అని ఆ పూటంతా తేల్చుకోలేకపోయింది. భోజనం పెట్టింది, పెట్టె తుడిచింది, మళ్లీ గుడ్డ కప్పింది. సాయంత్రం, "రేడియో గూట్లో పెట్టుకుంటాలే, తీసుకుపో" అంది.

మిర్యాలగూడ మిల్లుకు వెళ్లే లారీలో బస్తాల మీద పెట్టె వచ్చింది. ఆ ఆదివారం గోదాములో తగిలించి మొదటి పాట మొదలుపెడితే, పాట నడవడానికి బదులు కూలిపోయింది. ఇన్నాళ్లూ యాదయ్య ఉరుకుతున్నాడనీ, దయాకర్ వెనకబడుతున్నాడనీ అప్పుడు బయటపడింది.

"తప్పు నాదా?" అంది ఆండాళు భయంగా.

"కాదక్కా. నీది ఇనపడ్డంక మా తప్పులు ఇనపడుతున్నయ్" అన్నాడు యాదయ్య.

చీకటి పడేలోపు అదే పాటను మళ్లీ మళ్లీ పట్టారు. ఒకసారి మాత్రం, ఎట్లాగో, నలుగురూ ఒకే అడుగు మీద దిగారు. బస్తాల సందుల్లోంచి వడ్లు జలజల రాలాయి. కనకమ్మ గుమ్మంలోకి వచ్చి, "ఇగ మొదలైంది" అంది.

ఆ పార్టీ నాలుగైదేళ్లు నడిచింది. సూర్యాపేటలో, హాలియాలో పెళ్లిళ్లకు వాయించారు. నాగేశ్వర్ రావుకు బదిలీ అయ్యాక చెదిరిపోయింది. ఆండాళుకూ సూర్యాపేట ఎక్స్ఛేంజీకి బదిలీ వచ్చింది. గిటారునూ పెట్టెనూ వెంట తీసుకుపోయి యాదయ్య దర్జీ కొట్టు వెనక గదిలో పెట్టించింది. గిటార్ పిచ్చి ఉన్నవాళ్లు ఖమ్మం నుంచి కూడా వచ్చి చూసిపోయేవారు. చెక్క గొప్పదని కొందరు, తీగలు గొప్పవని కొందరు, ఎర్రది తీసుకోవాల్సిందని ఒకరిద్దరు వాదించుకునేవారు. ఎవరిది ఒప్పో ఆమెకు తేలేది కాదు. టీ తెప్పించి అందరి మాటా వినేది. కాసేపటికి వైరు తగిలించి, కళ్లు మూసుకుని, నెమ్మదిగా వాయించేది.